కోడలు ఊదిన ఊపిరి

పనికి రాగలిగినవాళ్లనే పిలిచి పరీక్ష చేసి, ఈ పని వల్ల ఎవరికీ ఏమీ కావడం లేదని రాయడానికి పెద్ద చదువు అక్కర్లేదు. నేను మాత్రం దానికోసం ఎమ్మెస్సీ స్టాటిస్టిక్స్ చదివాను. కామారెడ్డిలో ఒక డిగ్రీ కాలేజీలో కాంట్రాక్టు మీద పాఠాలు చెబుతూ, బీడీలు చుట్టే ఆడవాళ్ల ఊపిరితిత్తుల మీద జరిగే ఒక అధ్యయనంలో లెక్కలు చూసే పనికి కుదిరాను. దాన్ని నడిపేది హైదరాబాద్ నుంచి వచ్చే ఒక ప్రొఫెసర్. మేమంతా ఆయన్ని సార్ అనే పిలుస్తాం. మంచి మనిషి, ఎంత చెప్పినా కోపం రాదు. ఆ కోపం రాకపోవడం చూస్తేనే నాకు కోపం వస్తుంది.

మా దగ్గర ఆ పని ఇలా ఉంటుంది. ఆడవాళ్లు కార్ఖానా నుంచి తునికాకూ, తంబాకు అనే పొగాకూ ఇంటికి తెచ్చుకుంటారు. ఆకు నానబెట్టి, కత్తిరించి, చాట ఒళ్లో పెట్టుకుని చుట్టి, కట్టలు కట్టి, మళ్లీ కార్ఖానాకు తీసుకుపోయి అప్పజెబుతారు. అందుకని సార్ వేసిన పథకం చూడటానికి తేలిగ్గానే ఉంది. బీడీలు అప్పజెప్పే పొద్దున కార్ఖానా అరుగు మీద ఒక బల్ల వేయాలి. కార్ఖానా ఇచ్చిన బీడీ కార్డు చూసి పేరు పిలవాలి. అట్ట గొట్టం నోట్లో పెట్టి మిషన్‌లోకి గట్టిగా ఊదమనాలి. ఎంత గాలి, ఎంత వేగంగా బయటికి వస్తుందో మిషన్ చెబుతుంది. పోల్చి చూడటానికి, ఎప్పుడూ బీడీ చుట్టని ఆడవాళ్లను కూడా అవే వాడల నుంచి పిలిపించి ఊదించాం.

కామారెడ్డిలో మొదటి విడత అయ్యాక లెక్క వేస్తే, చుట్టేవాళ్ల ఊపిరి చుట్టనివాళ్ల ఊపిరికి ఏమీ తీసిపోలేదు. నడివయసు వాళ్లలోనైతే చుట్టేవాళ్లదే కాస్త మెరుగ్గా ఉంది. సార్ కళ్లద్దాలు తుడుచుకుంటూ, "ఆసక్తికరంగా ఉంది కదమ్మా" అన్నారు. నాకు ఒళ్లు మండింది. ఇందులో ఆసక్తికరం ఏముంది? దగ్గు ఆగనిది, నాలుగడుగులు వేస్తే ఆయాసపడేది కార్ఖానా దాకా ఎట్లా వస్తుంది? రానిదాని ఊపిరి మా బల్ల మీదికి ఎట్లా ఎక్కుతుంది? దీనికి పుస్తకాల్లో పేరుంది, సెలెక్షన్ బయాస్ అంటారు. క్లాసులో పిల్లలకు చాలాసార్లు చెప్పాను. ఎవరిని ఎంచుకున్నామన్న దాంట్లోనే జవాబు ముందుగా వచ్చి కూర్చోవడం అది.

నాకు దీన్ని పుస్తకం నేర్పాల్సిన అవసరం కూడా లేదు. ఇంటర్ దాకా నేనూ మా అక్క పక్కన కూర్చుని చుట్టినదాన్నే. తంబాకు మూట విప్పితే చాలు, నాకు తుమ్ములు మొదలయ్యేవి. కళ్ల నిండా నీళ్లు. అక్క నవ్వి, "ఇది మహారాణి, దీని ముక్కుకు అత్తరు గావాలె" అనేది. ఆ పని నా ఒంటికి పడలేదు, మానేశాను. అక్క ఒంటికి పడింది, ఉండిపోయింది. ఇప్పుడు పడినవాళ్లనే వరసగా కూర్చోబెట్టి, పడనివాళ్లు ఎక్కడికి పోయారని అడగకుండా, ఆ పని మంచిదో కాదో తేలుస్తామంటే నాకు నవ్వూ వస్తుంది, ఏడుపూ వస్తుంది.

అక్కది ఎల్లారెడ్డి. నాకంటే బాగా పెద్దది. కొడుకు మస్కట్‌లో ఉంటాడు, ఇంట్లో అక్కా కోడలూ ఉంటారు. చుట్టడంలో ఆ వాడలో అక్క చేతికి ఎదురులేదు. అలాంటిది, కొన్నేళ్ల కిందట దమ్ము పట్టుకుని, చాట ఒళ్లోంచి దింపింది. దమ్ము అంటే మా వైపు ఆయాసం. కత్తెర కోడలి చేతికిచ్చింది. కార్డు మాత్రం అక్క పేరు మీదే ఉండిపోయింది. మా దగ్గర చాలా ఇళ్లలో ఇంతే. బీడీ కార్డు రేషన్ కార్డు లాంటిది, అది ఇంటిదే తప్ప ఒక మనిషిది కాదు. అత్త చేయి ఆగితే కోడలి చేయి నడుస్తుంది. పేరు మార్పించడానికి ఎవరూ పోరు. కొత్త కార్డు వస్తుందన్న నమ్మకం లేదు, పాతదానికి పీఎఫ్ ఉంది, రేపు పింఛన్ ఆశ కూడా దాని మీదే. కార్ఖానా వాళ్లకు తెలుసు, తెలియనట్టు ఉంటారు.

ఇవన్నీ తెలిసి కూడా, రెండో విడత ఎల్లారెడ్డిలో పెట్టినప్పుడు ఏం జరగబోతుందో నాకు తట్టలేదు. పొద్దున్నే కామారెడ్డిలో బస్సెక్కాను. టికెట్టు లేని ప్రయాణం వచ్చాక ఆ బస్సులో ఆడవాళ్లం ఒకరి మీద ఒకరం పడి పోతుంటాం. దిగేసరికి అరుగు మీద బల్ల వేసి ఉంది, ఊదించే అమ్మాయి పేర్లు పిలుస్తోంది. నేను పక్కన కూర్చుని వయసులూ ఎత్తులూ కంప్యూటర్‌లోకి ఎక్కిస్తున్నాను. ఇంతలో మా అక్క పేరు పిలిచారు. తల ఎత్తాను. వచ్చి బల్ల ముందు నిలబడింది మా అక్క కోడలు.

"వయసెంతమ్మా?" అంది ఊదించే అమ్మాయి, తల ఎత్తకుండానే. కోడలు ఒక్క క్షణం నా వైపు చూసి, అత్త వయసు చెప్పింది. వరసలో ఉన్న ఆడవాళ్లలో ఒక్కరు కూడా నవ్వలేదు. కొంగు నెత్తి మీదికి లాక్కుని, గొట్టం నోట్లో పెట్టుకుని, ఆ పిల్ల ఒక్క ఊపున ఊదింది. "సూపరమ్మా! ఈ వయసుల గింత మంచిగ ఎవ్వరు ఊదలే" అంది అమ్మాయి. మా అక్క పేరు ఎదురుగా ఆ సంఖ్య వచ్చి కూర్చుంది. దాన్ని నమోదు చేసింది నా వేళ్లే.

బల్ల దగ్గర కాస్త ఖాళీ దొరకగానే ఆ పిల్లను అరుగు వెనక్కి తీసుకుపోయాను.

"ఇదేం పనే?" అన్నాను.

"ఏమైంది చిన్నత్తమ్మా?" అంది. ఆ ముఖంలో దొంగతనం లేదు. "కార్డు మీద పిలిచిండ్రు గద. ఆకుకు నేనే వస్తున్న, తంబాకుకు నేనే వస్తున్న. ఊదనీకి గూడ నేనే వచ్చిన. అత్తమ్మ ఇక్కడి దాక నడువగల్గుతదా?"

ఆ పిల్ల లెక్కలో అది కార్డు పనుల్లో ఇంకొకటి, అంతే. ఆ పొద్దున అరుగు మీద ఊదినవాళ్లలో ఇంకెంతమంది అత్తల తరఫున వచ్చిన కోడళ్లో, తల్లుల తరఫున వచ్చిన బిడ్డలో నాకు తెలియదు. తెలుసుకుందామంటే కార్డు మీది ఫొటో పక్కన ముఖం పెట్టి చూడాలి. అట్లా చూసిన మరుక్షణం ఆ వాడలో సగం ఇళ్లకు ఆకు ఆగిపోతుంది. చూడకపోతే, మానేసినవాళ్ల పేర్ల మీద పడుచువాళ్ల ఊపిరితిత్తులు ఎక్కి, బీడీ చుట్టినకొద్దీ ఛాతీ గట్టిపడుతుందని తేలినా తేలుతుంది. ఎటు తిరిగినా గోడే.

బల్ల ఎత్తేశాక అక్క ఇంటికి పోయాను. గుమ్మంలో కుర్చీ వేసుకుని, రెండు చేతులూ మోకాళ్ల మీద ఆనించి, ముందుకు వంగి కూర్చుని ఉంది. అట్లా కూర్చుంటేనే గాలి అందుతుందట. మాట్లాడాలంటే మధ్యమధ్యలో ఆగాలి.

"మంచిగొచ్చిందట గద నాది" అంది నవ్వుతూ.

"అది నీది కాదక్కా. నీ ఊపిరి కావాలి మాకు."

"నా ఊపిరి నాకే సాల్తలేదు, నీకేడికెల్లి తేవాలె?"

నేను నవ్వలేదు. అంతా వివరంగా చెప్పాను. మానేసినవాళ్లు లెక్కలోకి రాకపోతే మా అధ్యయనం పుస్తకంలో ఏం రాస్తారో చెప్పాను. కార్ఖానా యజమానులు ఆ పుస్తకం చూపించి ఏమంటారో చెప్పాను. అక్క ఓపికగా వింది.

"చుడ్తలేనని నీ కాయిదంల రాస్తవ్. ఆ కాయిదం ఎవరన్న కార్ఖానల చూపిస్తరు. రేపటి సంది నా కోడలికి ఆకు బందైతది. గప్పుడు నీ సారు వచ్చి ఆకు ఇస్తడా?"

లేచి చెప్పులు వేసుకున్నాను. తిరుగు బస్సులో నిలబడటానికి కూడా చోటు లేదు. ఎవరిదో గంప నా కాలి మీద ఉంది, తీయమని కూడా అనలేదు.

మరునాడు సార్‌కు ఫోన్ చేశాను. కార్డుల సంగతి చెప్పలేదు. చెప్తే ఆయన తప్పకుండా, ఎంతో మర్యాదగా, కార్డులు తనిఖీ చేయించేవారు. మానేసినవాళ్లు రావడం లేదన్నది మాత్రం గట్టిగా చెప్పాను.

"మానేసినవాళ్ల జాబితా ఎక్కడుందమ్మా?" అన్నారు.

"జాబితా లేదు సార్. వాడలున్నాయి. కార్ఖానాలో కాదు, ఇంటింటికీ పోదాం. కార్డు అడగొద్దు, పేరు రాయొద్దు. ఇప్పుడు చుడుతున్నావా అని కాకుండా, ఎప్పుడైనా చుట్టావా అని అడుగుదాం. దొరికినవాళ్లకు బరువులు వేద్దాం."

బరువులు వేయడమంటే ఏమిటో మా క్లాసులో పిల్లలకు పెళ్లితో చెబుతాను. పెళ్లికి ఇంటికొకరు పోతారు. పోయిన ఒక్కరూ ఇంట్లో ఉండిపోయినవాళ్లందరి తరఫునా కూర్చుని తిని వస్తారు. అట్లాగే, జబ్బు చేసి మానేసినవాళ్లలో ఒక్కరే మనకు దొరికితే, అటువంటివాళ్లు దొరకడం ఎంత కష్టమో అంచనా కట్టి, ఆ ఒక్కరినీ రానివాళ్ల తరఫున కూడా లెక్కిస్తాం. తేలికగా దొరికేవాళ్లకు తక్కువ బరువు, దొరకనివాళ్లకు ఎక్కువ బరువు. కానీ ఆ ఇంటి నుంచి ఒక్కరు కూడా రాకపోతే చేసేదేమీ లేదు. సున్నాను దేనితో గుణించినా సున్నాయే.

సార్ ఒప్పుకున్నారు. మిషన్‌ను సంచిలో పెట్టుకుని, ఆదివారాలు నేనూ ఊదించే అమ్మాయీ ఎల్లారెడ్డి వాడలు తిరిగాం. బాగున్నవాళ్లు బాగానే ఊదారు. మానేసినవాళ్లు మాత్రం దొరికినట్టే దొరికి చేతికి రాలేదు. "ఎప్పుడన్న చుట్టినవా అవ్వా?" అంటే ఒకామె "నేనెన్నడు ముట్టలే" అంటుంది, చూస్తే వేలి గోళ్లు తంబాకు రంగులో ఉంటాయి. ఇంకొకామె "ఇంకా చుడ్తున్న బిడ్డా" అంటుంది, అన్నంత సేపూ గోడ పట్టుకునే ఉంటుంది. పేరు రాయబోమని చెప్పినా ఎవరూ నమ్మలేదు. మేము పోయేదే మా అక్క ఉండే వాడ కాబట్టి, అందరి చూపూ మా అక్క గుమ్మం వైపే. పక్కింటి ముస్లిం పెద్దామె, వాడంతా ఖాలా అని పిలిచే ఆమె, దాచుకోకుండా చెప్పేసింది. ఆమె కూడా దమ్ము వల్లే మానేసింది. "మీ అక్క ఊదితే నేను గూడ ఊదుత బేటీ. సొంత చెల్లె అడిగితే అక్కనే ఊదుతలేదు, మాకేంది?"

అప్పటి నుంచి నా పని మొత్తం మా అక్క నోటి దగ్గర ఆగిపోయింది. ఆమె ఊదితే ఖాలా ఊదుతుంది, ఖాలా ఊదితే ఆ వరసలో ఇంకొందరు. ఊదకపోతే, చుట్టగలిగినవాళ్ల ఊపిరే బీడీ పని చేసే అందరి ఊపిరిగా అచ్చవుతుంది. ప్రతి ఆదివారం అడిగాను. బతిమాలాను, అలిగాను, ఒకసారి గట్టిగా అరిచాను కూడా. అరిస్తే అక్క గుమ్మంలోంచి లేవబోయింది. లేవలేక మళ్లీ కూర్చుంది. నామీద నాకే అసహ్యం వేసింది. ఆమెను మిషన్ దగ్గరికి లాగడమే నా ఉద్యోగమా అనిపించింది. లాగకుండా ఊరుకోవడం ఇంకా పెద్ద ద్రోహం అనీ అనిపించింది. సోమవారం కాలేజీకి పోయి, ఎంపిక దోషాన్ని తగ్గించే పద్ధతులని బోర్డు మీద రాసి, పాఠం చెప్పాను. పిల్లలు శ్రద్ధగా రాసుకున్నారు.

ఇంట్లో కూర్చుని లెక్కలు కూడా రెండు రకాలుగా వేసి చూశాను. పట్టికలో వయసుకు మించిన ఊపిరి ఉన్న వరసలను తీసేసి ఒకసారి, ఉంచి ఒకసారి. తీసేస్తే ఫలితం కొంచెం మారుతుంది. కానీ ఎందుకు తీశావని అడిగితే కారణం రాయాలి. కారణం రాస్తే కార్డు బయటపడుతుంది. మా అక్క పేరున్న వరస మీద వేలు పెట్టి చాలాసేపు కూర్చునేదాన్ని. ఆ పట్టిక మొత్తంలో అంత అందమైన ఊపిరి ఇంకొకటి లేదు.

వర్షాలు మొదలయ్యాక ఒకరోజు అక్కే ఫోన్ చేసింది. ఎప్పుడూ చేయదు, మాట్లాడటం కష్టం కాబట్టి.

"మిషన్ తీస్కొని రా" అంది.

"ఏమైందక్కా?"

"కోడలు పొద్దుపొద్దుగాల దగ్గుతున్నది. దానికి ఇంకా తెలుస్తలేదు. పడిశం అనుకుంటున్నది." కాసేపు ఊపిరి తీసుకుంది. "నాకు గిట్లనే మొదలైంది చెల్లె."

ఆదివారం దాకా ఆగలేదు. కాలేజీకి సెలవు చెప్పి, ఊదించే అమ్మాయిని వెంటబెట్టుకుని పోయాను. మేము వస్తున్నామని వాడకు తెలిసింది. ఖాలా వచ్చి గుమ్మం పక్కన నిలబడింది, ఆమె వెనక ఇంకో ఇద్దరు ముగ్గురు. అక్క తల దువ్వుకుని, మంచి చీర కట్టుకుని కూర్చుంది. లోపల కోడలు ఆకు కత్తిరిస్తున్న చప్పుడు వినిపిస్తోంది.

అమ్మాయి గొట్టం ఇచ్చి చెప్పింది. "గట్టిగ గాలి పీల్చుకొని, ఒక్కసారి జోరుగ ఊదాలె అమ్మా. మధ్యల ఆగొద్దు."

అక్క ఊదింది. ఊదీ ఊదకముందే దగ్గు తన్నుకొచ్చింది. కళ్లు ఎర్రబడ్డాయి. మిషన్ కూత పెట్టి, మళ్లీ చేయమని చూపించింది. నీళ్లు తాగి రెండోసారి ఊదింది. మళ్లీ దగ్గు. మూడోసారి గొట్టం నోట్లో పెట్టుకుని, నుదుటి నరాలు తేలేటట్టు ప్రయత్నించింది. గాలి కొంచెమే వచ్చింది. మిషన్ దాన్ని కూడా వద్దంది.

"ఏమొచ్చింది?" అంది అక్క, ఊపిరి కూడదీసుకుని.

అమ్మాయి నా వైపు చూసింది. నిబంధన నాకు ముందే తెలుసు. మొదట్లోనే దగ్గితే, సగంలో ఆగితే ఆ ఊదడం చెల్లదు. చెల్లే ఊదడం లేకపోతే ఆ మనిషికి సంఖ్య ఉండదు. ఊదలేనంత జబ్బు ఉన్నవాళ్లను పట్టిక బయటికి పంపడానికి ఇంతకంటే మంచి పద్ధతి ఉండదు. ఇన్ని ఆదివారాలు అక్క నోటి దగ్గరే ఆగిపోయి, ఆ నోరు దాటాక ఏముందో నేను ఆలోచించనే లేదు. అక్కడి నుంచే సార్‌కు ఫోన్ చేశాను. గొంతు పెద్దదే అయింది.

"ఊదలేకపోవడమే ఫలితం కదా సార్! దాన్ని ఖాళీ అని ఎట్లా రాస్తారు?"

"మీరు చెప్పింది నిజమేనమ్మా. కారణం రాసి పెట్టండి. ఇటువంటివాళ్ల ఊపిరి బాగా తక్కువ అనుకుని ఒక లెక్క విడిగా వేద్దాం. పరిమితుల్లో ఒక పేరా కూడా రాద్దాం. కానీ ప్రధాన పట్టికలోకి మాత్రం రాదు." ఎప్పటిలాగే, కోపం లేకుండా చెప్పారు.

ఫోన్ పెట్టేసి చూస్తే గుమ్మం దగ్గర ఖాలా లేదు. వెనక నిలబడ్డవాళ్లూ లేరు. అక్కంతటి మనిషికే చేతకానిది తమవల్ల ఏమవుతుందనుకున్నారో, ఆ దగ్గు చూసి భయపడ్డారో, నేను అడగలేదు.

"ఏమన్నడు సారు?" అంది అక్క.

"ఊదలేకపోయిందని రాస్తరట. సంఖ్య రాదట అక్కా."

"ఇంకోపారి ఊదుత." గొట్టం కోసం చేయి చాపింది. నేను గొట్టం తీసి నా ఒళ్లో పెట్టుకున్నాను.

"వద్దక్కా, చాలు."

అక్క ఏడవలేదు. కొంగుతో మూతి తుడుచుకుని, వెనక్కి ఆనుకుని, గాలి అందక మళ్లీ ముందుకు వంగింది. లోపల కత్తెర చప్పుడు ఆగింది. కోడలు దగ్గింది. పొడి దగ్గు, చిన్నదే. కత్తెర మళ్లీ మొదలైంది.

"గా పొద్దు నా పేరు మీద అది ఊదింది చూడు" అంది అక్క, గొంతు తగ్గించి. "అది తీసెయ్యకు చెల్లె. దాని ఊపిరి మంచిగున్నప్పటిది ఒకటన్న ఉంటది."

నేను దాన్ని తీయలేదు.